ప్రధానోపాధ్యాయ పదవియు మన యువజనులును

(తిరుత్తణిలో జరిగిన మన కుటుంబముల సమావేశమున గావించిన ఉపన్యాసము)



మమ్ము ఈ సభలో మాటాడుమని కోరుచు సంఘ కార్యదర్శిగారు, "మీరు చిరకాలము బడిలో పనిచేసి ప్రధానోపాధ్యాయులుగా విరమించితిరి. మన పిల్లలు ఆ పదవికి ఎట్లు రావలయునో నాలుగు మాటలు చెప్పుడు" అనిరి. ఎట్లు రావలయునో చెప్పుట సులభము. వచ్చిన పిదప ఎట్లుండవలయునో చెప్పుట కష్టము. ఏలయనగా ఆ రెండవ విషయమున మేమే ఒకసారి తప్పితిమి. దానిని గూడ దాచక చెప్పవలయునని నిశ్చయించుకొని వచ్చితిమి.

మనలో అనేక కుటుంబములవారు ఊరు కదలినవారు కారు. సరిహద్దే వారి మీదుగా కదలినది. తిరుత్తణి మొదట ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆ రాష్ట్రములో నున్నది. పటాస్కరుగారి మధ్యవర్తిత్వము, దాని ననుసరించి 1959లో వచ్చిన సరిహద్దు మార్పుల చట్టము, వీని ఫలితముగా 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయినది. 1997లో చెంగల్పట్టు జిల్లా విభజింపబడి తిరువళ్లూరు జిల్లా ఏర్పడినది. ఒకే వీథిలో పుట్టి పెరిగి ఇన్ని పేర్ల పరిపాలనములను చూచిన వృద్ధులు మన కుటుంబములలో నుండిరి.

ఇన్ని మార్పులలోను బడి అక్కడనే యున్నది. పిల్లలు ఆ పిల్లలే. మారిన దేమనగా, ప్రధానోపాధ్యాయుడు తన నివేదికలను పంపు చిరునామా. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. కాని బడి బ్రతుకంతయు ఆ నివేదికల మీదనే ఆధారపడి యున్నదని పెక్కుమంది ఎరుగరు. ఈనాటి మా ప్రసంగమునకు మూలము ఇదియే.

పూర్వము ఇన్‌స్పెక్టరుగారు బడికి వచ్చెదరనిన ఊరికంతకు పండుగ. గోడలకు సున్నము, గుమ్మమునకు మామిడాకుల తోరణము, పిల్లలకు ఉతికిన బట్టలు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలోని పెక్కు బడులకు, ఇన్‌స్పెక్టరు ఎదుట పిల్లలు చెప్పిన సమాధానములను బట్టియే సర్కారు గ్రాంటు వచ్చెడిది. ఒక్క దినమున పిల్లవాడు తడబడిన, పంతులుగారి ఇంట పొయ్యి వెలుగుట కష్టమయ్యెడిది. ఆ పద్ధతి పోయినది. ఇప్పుడు తడబడకూడనివి పిల్లల నాలుకలు కావు, ప్రధానోపాధ్యాయుని అంకెలు. తమిళనాట ఆగస్టు 1వ తేదీ నాటి పిల్లల సంఖ్యను బట్టి ఆ బడికి ఎందరు ఉపాధ్యాయులో నిర్ణయింపబడును. అంకె తప్పిన ఉపాధ్యాయుడు పోవును. ఉపాధ్యాయుడు పోయిన తరగతి పోవును.

ఇక ఆ పదవికి వచ్చు దారిని గూర్చి చెప్పెదము. యువకులు దయచేసి శ్రద్ధగా వినవలయును.

ప్రాథమిక పాఠశాలలో పనిచేయగోరువారు పన్నెండవ తరగతి పిమ్మట రెండేండ్ల ఉపాధ్యాయ శిక్షణ పొందవలయును. ఉన్నత పాఠశాలలో బి.టి. అసిస్టెంటు కాగోరువారికి డిగ్రీయు బి.ఎడ్.యు కావలయును. హయ్యర్ సెకండరీ బడిలో పి.జి. అసిస్టెంటు కాగోరువారికి ఎం.ఏ. గాని ఎం.ఎస్సి. వంటిది గాని ఉండి, దానితో బి.ఎడ్. ఉండవలయును. నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010లో అమలునకు వచ్చినప్పటి నుండి, ఒకటి మొదలు ఎనిమిది తరగతులవరకు బోధింపగోరువారు టెట్ అను అర్హతా పరీక్షలో ఉత్తీర్ణులు కావలయును. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, సర్వీసులో నున్నవారు గూడ ఆ పరీక్ష లేనిదే పదోన్నతి పొందజాలరని చెప్పబడినది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ నియమము వర్తించునా యను ప్రశ్న విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది. కావున మనవారిలో ఉద్యోగమున నున్న యువ ఉపాధ్యాయులు, "మాకు ఉద్యోగము వచ్చినది గదా, ఇంక పరీక్ష లేల?" అని కూర్చుండరాదు.

సర్కారు బడులలో ప్రధానోపాధ్యాయ పదవి సాధారణముగా సీనియారిటీని బట్టి పదోన్నతిగా వచ్చును. అంతమాత్రమున ఊరక కూర్చున్నవానికి వచ్చునని తలపరాదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు టెస్టు, అకౌంట్ టెస్టు మొదలగు శాఖాపరీక్షలు కలవు. ఇన్‌స్పెక్టర్ల కాలము గడచినను ఆ పేరు ఇంకను నిలిచియున్నది. చిన్న వయస్సులోనే వీనిని ముగించుకొన్నవారు ఖాళీ వచ్చిన నాడు సిద్ధముగా నుందురు. ఏబదియవ ఏట పుస్తకము పట్టినవారు జాబితాలో తమ పేరు దాటిపోవుట చూచుచుందురు. జిల్లా విద్యాధికారి పదవికి రెండు దారులు. ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి పదోన్నతిపై చేరుట యొకటి. టి.ఎన్.పి.ఎస్.సి.వారు జరుపు గ్రూప్ 1-సి పరీక్ష వ్రాసి నేరుగా చేరుట రెండవది. ఈ రెండవ దారి కలదని మన ఇండ్లలో ఎందరికి తెలియును? తహసీలుదారు కచేరిని గూర్చి మాటాడుకొనునంతగా మనము విద్యాశాఖను గూర్చి మాటాడుకొనము.

ఇచట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. తమిళము చక్కగా చదివి, తప్పులేక వ్రాయగలవారు గాని ఈ పదవులకు రాలేరు. 2006 నాటి చట్టము బడులలో తమిళమును తప్పనిసరి చేసినది. 2021 డిసెంబరులో వచ్చిన ఉత్తరువు ప్రకారము సర్కారు ఉద్యోగ పరీక్షలలో తమిళ పత్రమున నూటికి 40 మార్కులైనను రానివానికి మిగిలిన మార్కులు ఎన్ని వచ్చినను ప్రయోజనము లేదు. ఇది తెలుగునకు ద్రోహమని కొందరనుట విన్నాము. మేమట్లు తలపము. తమిళము వ్రాయజాలని తెలుగు ప్రధానోపాధ్యాయుడు తెలుగు తరగతి కొరకు పై అధికారికి ఒక అర్జీయైనను సరిగా వ్రాయజాలడు. ఇరుగుపొరుగువారి భాషను గౌరవముతో నేర్చిన వానికే తన భాషను గూర్చి మాటాడు నోరు కలుగును.

ఇందులకు నిదర్శనములు వెదకుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 1888 సెప్టెంబరు 5వ తేదీన ఈ తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు స్కాలర్‌షిప్పుల సాయముతో తిరుపతి, వేలూరు, మద్రాసులలో చదివిరి. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన పిమ్మట ఆయన సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శిక్షణ పొందిరి. ఎం.ఏ. పట్టము చేత నున్న మేధావి గూడ, పాఠము చెప్పుట ఎట్లో నేర్చుకొనుటకు మరల బల్లపై కూర్చుండెను. రాష్ట్రపతి పదవి 1962లో వచ్చినది. బడిపంతుళ్ల బల్ల దానికి ఏబది ఏండ్లకు ముందే దొరకినది. ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినముగా దేశమంతయు జరుపుకొనుచున్నది. ఆయన ఊరివారమైన మనము పూలమాల వేసి తృప్తిపడుట చాలదు. చిత్తూరు చెంతనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు కన్నడ దేశమైన మైసూరు సంస్థానమున విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిరి. పరభాషా ప్రాంతమున తెలుగువాడు విద్యాధికారి యగుట క్రొత్త విషయము కాదు.

ఒక అధికారి అడిగిన ప్రశ్న ఎంత పని చేయగలదో మరియొక ఉదాహరణము కలదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు, తెలుగువారు మాటాడు భాషకును బడి పుస్తకములలోని భాషకును ఇంత దూర మేలయని ప్రశ్నించెను. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తిగారు, గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన పి. టి. శ్రీనివాస అయ్యంగారుగారు చేపట్టిరి. దాని ఫలితముగా తెలుగు వచనపు దారియే మారినది. గిడుగువారు పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితము ప్రారంభించినవారు. వారు చేసిన మరియొక పని మనకు మరింత ముఖ్యము. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషను వారు పట్టుదలతో నేర్చి, సవర పిల్లలకు సవర భాషలోనే వాచకములు వ్రాసిరి. తన పిల్లలకు తన భాష కావలయునని కోరుట ఎవరైనను చేయుదురు. ఇతరుల పిల్లలకు వారి భాష అందవలయునని శ్రమపడినవాడే నిజమైన ఉపాధ్యాయుడు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మా కథకు దీనితో పని కలదు.

ఇప్పుడు చట్టము మనకేమి ఇచ్చినదో సంగ్రహముగా చెప్పెదము. 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక నియమము చేసిరి. బడి మొత్తము మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ప్రాంతీయ భాష గాక వేరొక మాతృభాష గల పిల్లలున్నచో, ప్రాథమిక దశలో వారికి వారి భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలయునని దాని సారాంశము. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350ఏ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని చెప్పినది. పిమ్మట ఏర్పడిన రక్షణలలో ముందుగానే పేర్లు నమోదు చేయుట గూడ కలదు. అనగా, విద్యాసంవత్సరమునకు మూడు నెలల ముందే అట్టి పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో వ్రాసికొని, ఒక బడిలో సంఖ్య చాలనిచో పొరుగు బడి పిల్లలతో కలిపి సర్దుబాటు చేయవచ్చును. ఈ నియమములకు ప్రాణము పోయువాడు మంత్రి కాడు. రిజిస్టరు తెరచు ప్రధానోపాధ్యాయుడు.

మా తప్పిదము ఇచ్చటనే జరిగినది.

అది చాల ఏండ్ల క్రిందటి మాట. మేము ఈ జిల్లాలోని ఒక మిడిల్ స్కూలునకు ప్రధానోపాధ్యాయులముగా నుంటిమి. అందు తమిళ తరగతులతోబాటు తెలుగు తరగతులును ఉండెడివి. తెలుగు పిల్లల సంఖ్య ఏటేట తగ్గి, ఆ ఏడు మొత్తము మీద ముప్పదికి దిగినది. ఒకటవ తరగతికి తొమ్మండుగురు వచ్చిరి. ఉన్న ఒక్క తెలుగు ఉపాధ్యాయులును మే నెలాఖరున విరమింపనుండిరి. పొరుగూరి బడి ప్రధానోపాధ్యాయురాలు మార్చి నెలలోనే మాకొక జాబు వ్రాసిరి. తమ ఊర తెలుగు మాటాడు కుటుంబముల పిల్లలు నలుగురు కలరనియు, తమ బడిలో వారికి తెలుగు లేదనియు, మీ తొమ్మండుగురితో కలిపిన సంఖ్య చాలునుగదా యనియు వ్రాసి, పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు జతపరచిరి. ఆమె తమిళ వనిత. తెలుగు అక్షరములు ఎరుగరు. అయినను నియమము ఎరుగుదురు.

ఆ జాబును మేము పై అధికారికి పంపలేదు.

ఏల పంపలేదు? ఆ దినములలో మా వెనుక కొందరు, "ఈయన తనవారికే చేయును" అని గుసగుసలాడుచుండిరి. ఆ మాట మమ్ము మిక్కిలి బాధించినది. తెలుగు తరగతి కొరకు మేమే వ్రాసినచో ఆ మాట నిజమని అందురేమో యని భయపడితిమి. జాబును బల్ల సొరుగులో నుంచితిమి. వచ్చే వారము పంపుదమనుకొంటిమి. ఆ వారము రాలేదు. తెలుగు ఉపాధ్యాయులు విరమించిరి. ఆగస్టు లెక్కలో ఆ స్థానము అవసరము లేనిదిగా తేలినది. పిల్లలందరును తమిళ తరగతులలో చేరిరి. తెలుగు పలక ఆ బడిలో అంతటితో నిలిచిపోయినది.

కొన్ని దినములకు ఒక నేతపనివారు మమ్ము చూడవచ్చిరి. ఆయన మనుమరాలు ఆ తొమ్మండుగురిలో నొకతె. ఆయన కోపపడలేదు. "అయ్యవారూ, మీరుండారు గదా అని మేము వేరే ఎవురినీ అడగలేదు" అనిరి. అంతే. చేతిలోని తువ్వాలు భుజముపై వేసికొని వెడలిపోయిరి. మేము పెక్కు పరీక్షలు వ్రాసినాము. ఆ మాటకు నేటికిని సమాధానము వ్రాయలేకున్నాము.

మనవాడు కుర్చీలో కూర్చున్న చాలునని మనము తలంతుము. ఆనాడు కుర్చీలో మనవాడే యుండెను. విధిని నెరవేర్చినవారు పొరుగూరి తమిళ సోదరి. ఆమె చేసినది గిడుగువారు చేసిన పని వంటిది. కావున "తెలుగువాడు ప్రధానోపాధ్యాయుడు కావలయును" అని మాత్రమే మేము చెప్పము. నియమము నెరిగి, దానిని అమలు జరుపుటకు భయపడని తెలుగువాడు కావలయునని చెప్పెదము. చట్టము ఇచ్చినదానిని మన పిల్లలకు ఇచ్చుట పక్షపాతము కాదు. "నావారు" అందురేమోయను భయముతో ఇవ్వకుండుటయే పక్షపాతము. అట్లే, మనవారి బడిలో ఉర్దూ మాటాడు పిల్లలో మరియొక భాష మాటాడు పిల్లలో పదిమంది యున్నచో, వారి జాబితా గూడ అదే మార్చి నెలలో పోవలయును. ఆ జాబితా పంపనివానికి తెలుగు జాబితా పంపు అర్హత లేదు.

ఇక మీతో మూడు మనవులు.

మొదటిది తల్లిదండ్రులకు. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో చేర్చునప్పుడు మాతృభాషయను చోట "తమిళము" అని వ్రాయించువారు మనలో కలరు. సౌకర్యమని కొందరు, ఏల వచ్చిన గొడవయని కొందరు. కాగితముపై లేని పిల్లవానిని ఏ ప్రధానోపాధ్యాయుడును లెక్కింపజాలడు. పల్లిపట్టులో, ఊత్తుకోటలో, తిరువళ్లూరులో ఎచటనున్నను నిజమును నిజముగా వ్రాయింపుడు. మా ముందున్న నియమములో తొమ్మిదికిని పదికిని నడుమ ఒక తరగతియంత అంతరము కలదు.

రెండవది కుటుంబ పెద్దలకు. మన ఇండ్ల ఆడపడుచు లెందరో ఉపాధ్యాయినులుగా నున్నారు. వారికి ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి ఉత్తరువు వచ్చునప్పటికి, "దూరపు ఊరట, బస్సు మారవలయునట, ఇంటి పనెవరు చూతురు?" అని మనమే వద్దనిపింతుము. ఆమె వద్దని వ్రాసి ఇచ్చును. ఇరువది ఏండ్ల అనుభవము తరగతి గదిలోనే నిలిచిపోవును. రెండేండ్లు అత్తమామలో భర్తయో ఒక పూట వంట చేసికొన్నచో మునిగిపోవునది లేదు. పొరుగూరి ఆ తల్లి ఇంట గూడ ఎవరో ఒకరు ఆమెను పోనిచ్చిరి గనుకనే ఆ జాబు వ్రాయబడినది.

మూడవది యువజనులకు. ప్రధానోపాధ్యాయ పదవిలో జీతము కొంత హెచ్చు. చింత చాల హెచ్చు. మీకు ప్రీతియైన పాఠము చెప్పు గంటలు తగ్గిపోవును. మధ్యాహ్న భోజనపు బియ్యము, మరుగుదొడ్డి తలుపు, రాని ఉపాధ్యాయుడు, తగవులాడు తల్లిదండ్రులు, ఇవియన్నియు మీ బల్లమీదికి వచ్చును. మెచ్చుకొనువారు తక్కువ. అయినను రండు. తమిళము బాగుగా చదువుడు, తెలుగు మరువకుడు, శాఖాపరీక్షలు ముప్పది ఏండ్లలోపల ముగింపుడు. పరీక్షలకు సిద్ధపడువారు ప్రతి ఆదివారము మా ఇంటికి రావచ్చును. ఖాతా వ్రాయుట, నివేదిక పంపుట, ఉత్తరువు చదువుట మాకు తెలిసినంత నేర్పెదము. సొరుగులో ఏ కాగితము నుంచరాదో గూడ నేర్పెదము.

ఈ ఊరి కొండకు 365 మెట్లు కలవనియు, అవి సంవత్సరములోని దినములకు గుర్తులనియు పెద్దలు చెప్పుదురు. ఆడికృత్తికనాడు కావడి మోసికొని ఒక్కపెట్టున ఎక్కువారిని అందరును చూతురు. దినమున కొక మెట్టు ఎక్కువానిని ఎవరును చూడరు. ప్రధానోపాధ్యాయుని పని ఆ రెండవ విధమైనది. హాజరుపట్టీ, రిజిస్టరు, జాబితా, జాబు. అందు ఒక్క మెట్టు మేము తప్పితిమి. మీరు తప్పరని నమ్ముచున్నాము.